మందు మార్చుటకు ముందు

గృహిణి చేతనుండు అధికారములలో మందుల పెట్టె చిన్నది కాదు. ఇంట ఎవరికి జ్వరము వచ్చినను, ఎవరికి దగ్గు పట్టినను అందరును మొదట మన ముఖమే చూతురు. ఒక మందు రెండు దినములలో గుణమీయకున్న "ఇది పని చేయలేదు, వేరొకటి తెండు" అనుట మనకు వాడుక. సామాన్యమైన జబ్బులలో నట్టి మార్పువలన పెద్ద హాని రాకపోవచ్చును. కాని యేండ్ల తరబడి వాడవలసిన మందుల సంగతి వేరు. అట్టి మందును మార్చుట ఇంటి దూలము క్రింది స్తంభమును మార్చుట వంటిది. మా పలనాటి పల్లెలలో పాత యింటి స్తంభము పుచ్చినప్పుడు పనివారు మొదట దూలమునకు పోటు పెట్టుదురు. పిదపనే పాతదానిని తీయుదురు. క్రొత్తది నిలిచి బరువు మోయుచున్నదని తెలిసిన పిమ్మటనే పోటు తొలగింతురు. ఈ వరుస తప్పినచో దూలము క్రుంగును.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను జబ్బు విషయమున ఈ వరుస తెలిసియుండుట మిక్కిలి యవసరము. పేరు పొడుగగుటచే వైద్యులు దీనిని ఎం.ఎస్. అని వ్యవహరింతురు. మెదడునందును, వెన్నుపామునందును, కంటి నరమునందును గల తంతువులకు కొవ్వుతో గూడిన యొక పొర చుట్టుకొనియుండును. కరెంటు తీగకు రబ్బరు తొడుగెట్లో తంతువునకు ఈ పొర యట్లు. శరీరమును కాపాడవలసిన తెల్లకణములే దారి తప్పి ఈ తొడుగును పాడుచేయుటయే ఈ జబ్బు. తొడుగు చెడినచోట మెదడు పంపిన వార్త సరిగా పోదు. ఒకరికి ఒక కన్ను మసకబారును. ఒకరికి కాలు తిమ్మిరెక్కి యీడ్చును. ఒకరికి మూత్రము పట్టు తప్పును. మరియొకరికి చెప్పరాని యలసట కలుగును. 1868లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ జబ్బును స్పష్టముగా వర్ణించెను. 2023 నాటి లెక్కలనుబట్టి ప్రపంచమున సుమారు 29 లక్షల మంది దీనితో జీవించుచున్నారు. వారిలో స్త్రీలు పురుషులకంటె రెండింతలకు తక్కువ కారు. తరచుగా ఇది 20 మొదలు 40 ఏండ్ల నడుమ బయటపడును. అనగా క్రొత్తకోడలుగను, పసిబిడ్డ తల్లిగను ఇంటి బరువు మోయుచున్న వయస్సుననే యన్నమాట.

జబ్బును సమూలముగా మాన్పు మందు ఇంకను రాలేదు. అయినను తెల్లకణముల దాడిని తగ్గించి, జబ్బు మాటిమాటికి తిరుగబెట్టకుండ కాపాడు మందులు 1993 నుండి ఒకటి వెంట నొకటి వచ్చినవి. మొదట ఇంటర్ఫెరాన్ సూదిమందు, 1996లో గ్లాటిరమర్, పిదప నెలకొకమారు నరమునకెక్కించు నటాలిజుమాబ్, 2010 మొదలు ఫింగోలిమోడ్, టెరిఫ్లునోమైడ్, డైమెథైల్ ఫ్యూమరేట్ అను నోటి మందులు, 2017లో ఆక్రెలిజుమాబ్.

ఈ చరిత్రలో మన తెలుగువారికిని పాలు గలదు. గుంటూరు జిల్లా గొల్లమూడిపాడున జన్మించిన నన్నపనేని వెంకయ్య చౌదరిగారు హైదరాబాదున స్థాపించిన నాట్కో ఫార్మా సంస్థ గ్లాటిరమర్ తయారుచేయగా, దానిని మైలాన్ అను సంస్థ అమెరికాలో విక్రయించుటకు 2017 అక్టోబరున అక్కడి ఔషధ శాఖ అనుమతి నిచ్చెను. గుంటూరు సీమలోని తాడేపల్లికి చెందిన కల్లం అంజిరెడ్డిగారు స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రిటుక్సిమాబ్ అను మందును రెడిటక్స్ అను పేర తక్కువ వెలకు తెచ్చెను. అది మొదట కొన్ని క్యాన్సరులకై వచ్చిన మందే యైనను ఎం.ఎస్.కును వైద్యులు వాడుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జూలైలో తన అత్యవసర ఔషధముల పట్టికలో ఎం.ఎస్. మందులను తొలిసారిగా చేర్చినప్పుడు ఎన్నుకొన్నవి మూడు: గ్లాటిరమర్, రిటుక్సిమాబ్, క్లాడ్రిబిన్. మూడింట రెండు మన హైదరాబాదున తయారగుచున్న రకములే యగుట సంతోషింపదగినది.

మందులు పెరిగినకొలది ఎన్నిక పెరిగినది. ఎన్నికతో చింతయు పెరిగినది. మా నకరికల్లు నరసరావుపేటకును పిడుగురాళ్లకును నడుమనున్న ఊరు. ఇటువంటి జబ్బు వచ్చినచో ఇచ్చటివారు గుంటూరునకో, హైదరాబాదునకో పోయి న్యూరాలజిస్టును చూడవలసినదే. వైద్యుడు "ఈ మందు మార్చుదము" అనిన నాడు ఆయన గదిలో నుండు కొలది నిమిషములలోనే, ఏండ్ల తరబడి యనుభవింపవలసిన విషయమునకు తలయూపి వచ్చుట జరుగుచున్నది. పలనాటి వీరకథ వినని వారు మన సీమలో లేరు. ఒక్కపూట కోడిపందెమున మాట యిచ్చి, బ్రహ్మనాయుడు తనవారితో ఏడేండ్లు ఊరు విడువవలసి వచ్చెను. పందెము గడియసేపటిది, ఫలము ఏండ్లది. మందు మార్పును పందెముగా గాక తూనికగా చేసికొనుట యెట్లో తెలియుటకే ఈ వ్యాసము.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: మందు నిజముగా ఓడినదా? మా వైపు వైశాఖ జ్యేష్ఠములలో ఎండ యెట్లుండునో రెంటచింతల పేరు వినినవారికి చెప్పనక్కరలేదు. ఎం.ఎస్. గలవారికి ఒంటి వేడి కొంచెము పెరిగినను పాత లక్షణములు తాత్కాలికముగా పైకి వచ్చును. మసకబారి కుదిరిన కన్ను మరల మసకబారును, కాలు బరువెక్కును. జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ దీనిని 1890లోనే గుర్తించెను. నీడకు వచ్చి, చల్లబడిన పిదప ఇది తగ్గిపోవును. జ్వరము, మూత్రమున చీము పట్టుట మొదలగువానివలనను ఇట్లే జరుగును. జబ్బు నిజముగా తిరుగబెట్టినదనుటకు జ్వరము, సూక్ష్మజీవుల బాధ లేకుండ క్రొత్త లక్షణము ఒక్క దినమునకు మించి నిలువవలెను. ఎం.ఆర్.ఐ. చిత్రమున క్రొత్త మచ్చ కనబడుట మరియొక సాక్ష్యము. ఎండదెబ్బను చూచి మంచి మందును త్రోసివేయుట, పొయ్యి సెగకు అన్నము మాడినదని బియ్యమును తప్పుపట్టుట వంటిది.

మందు వాడుచుండగా జబ్బు తిరుగబెట్టుటయో, మందు శరీరమునకు పడకపోవుటయో, జీవితమున గర్భము వంటి మార్పు రానుండుటయో నిజమని తేలినచో, అప్పుడు త్రాసు పట్టవలెను. ఒక తట్టలో క్రొత్త మందు అపాయము, రెండవ తట్టలో శూన్యము పెట్టి చూచుట చాలమంది చేయుపని. అట్లు చూచిన ప్రతి మందును విషముగనే కనబడును. రెండవ తట్టలో ఉండవలసినది అదుపులేని జబ్బు. తిరుగబెట్టిన ప్రతిమారును కొంత శక్తి కుదురుకొన్నను కొంత యెన్నటికిని రాకపోవచ్చును. పోయిన నడకను ఏ మందును తిరిగి తేజాలదు. ఈ రెండు తట్టలకు తోడుగా ఎవరును తూచని మూడవ బరువొకటి కలదు. అది పాత మందు విడిచి క్రొత్త మందు పట్టుకొను నడిమి కాలము. నటాలిజుమాబ్ కథ వలన ఈ మూడును తేటపడును.

ఆ మందు 2004 నవంబరులో అమెరికాలో అనుమతి పొందెను. తెల్లకణములు మెదడులోనికి దూరకుండ అది వాకిట అడ్డు నిలుచును. ఫలితము చూచి వైద్యులు సంతసించిరి. కాని మూడునెలలు గడచునప్పటికి, 2005 ఫిబ్రవరిలో, దానిని అంగడినుండి వెనుకకు తీసికొనిరి. కారణము పి.ఎం.ఎల్. అను ఘోరమైన మెదడు జబ్బు. మన మనుష్యులలో సగము మందికి పైగా జె.సి. అను వైరసు హాని చేయక నిదురించుచుండును. మెదడునకు కాపలా తగ్గినప్పుడు అది మేల్కొని పి.ఎం.ఎల్.ను కలిగింపవచ్చును. అయినను ఆ మందువలన నడువగలిగిన రోగులే దానిని మరల కోరిరి. 2006లో కట్టుబాట్లతో అది తిరిగి వచ్చెను. ఇప్పుడు నెత్తురులో జె.సి. వైరసు గుర్తు కలదా లేదా యని ముందే పరీక్షింతురు. గుర్తు లేనివారికి అపాయము మిక్కిలి స్వల్పము. గుర్తు ఎక్కువగా నుండి, రెండేండ్లు దాటి వాడి, అంతకుముందు రోగనిరోధకశక్తిని అణచు వేరు మందులు వాడియున్నవారికి అపాయము పెక్కు రెట్లు. ఒకే మందు ఒక సోదరికి నిర్భయముగను, మరియొక సోదరికి భయంకరముగను ఉండుటకు ఇదియే కారణము. పొరుగింటివారి యనుభవము మన త్రాసునకు తూనికరాయి కాజాలదు.

ఇక మూడవ బరువు. వైరసు గుర్తు కనబడినదని భయపడి నటాలిజుమాబ్ మానివేసి ఊరకుండినచో, మూడు మొదలు ఆరు నెలలలో జబ్బు మునుపటికంటె ఉధృతముగా లేచుట కలదు. మరియు మందు మానినను ఆరు నెలలవరకు పి.ఎం.ఎల్. భయము పూర్తిగా తొలగదు. కావున వైద్యులు మార్పునకు ముందును తరువాతను ఎం.ఆర్.ఐ. చిత్రములు తీయించి, నడిమి కాలమును వీలైనంత తగ్గింతురు. తరువాత దేనిని పట్టుకొనవలెననునదియు ముఖ్యమే. జె.సి. వైరసు కారణముగా నటాలిజుమాబ్ మానిన 256 మందిని స్వీడను దేశమున పరిశీలించి 2016లో ప్రకటించిరి. ఏడాదిన్నరలో ఫింగోలిమోడ్‌నకు మారినవారిలో నూటికి 17.6 మందికిని, రిటుక్సిమాబ్‌నకు మారినవారిలో నూటికి 1.8 మందికిని జబ్బు తిరుగబెట్టెను. మారుట యొకటే, ఎక్కడికి మారుదుమో దానినిబట్టి ఫలము ఇంతగా వేరుపడినది.

నోటి మందు గదా, మానుట సులభమని తలచువారు ఫింగోలిమోడ్ సంగతి వినవలెను. ఆ మందు మొదటి మాత్ర మ్రింగినప్పుడే నాడి మందగించు భయముండుటచే ఆరుగంటలు వైద్యుల కనుసన్నల నుండవలెను. ఆటలమ్మ పోసినదో లేదో, దానికి నిరోధకశక్తి కలదో లేదో ముందే చూడవలెను. మూడు నాలుగు నెలలకు కంటి పరీక్షయు కావలెను. ఇవన్నియు దాటి కుదురుగా నున్నవారు హఠాత్తుగా మానినచో జబ్బు విరుచుకొనిపడుట కలదని 2018 నవంబరులో అమెరికా ఔషధ శాఖ హెచ్చరించెను. వారు చెప్పిన ఉదాహరణములలో మందు మానిన 2 మొదలు 24 వారములలో ఇట్లు జరిగెను.

ఇచ్చట మన యిండ్ల సంగతి యొకటి చెప్పక తీరదు. పెండ్లికి ముందు జబ్బును దాచుట, అత్తవారింట మాత్రలు కనబడునేమోయని కోడలు మందు మానుట, "బాగానే యున్నది కదా, ఇంకెందుకు?" అని పెద్దలు సీసాలు తీసి దాచుట మన సంఘమున లేనివి కావు. ఎం.ఎస్. మందు పని చేయుచున్నదనుటకు గుర్తు ఏమియు జరుగకుండుటయే. ఏమియు జరుగనందున మందు వ్యర్థమని తలచుట గొడుగు క్రింద తడియకుండుటచే వాన లేదనుకొనుట వంటిది. కోడలి రహస్యము నాలుగు నెలలలో మంచము పట్టి బయటపడుటకంటె, నిజము ముందే చెప్పుకొని నిలిచిన సంబంధమే మేలు.

రిటుక్సిమాబ్, ఆక్రెలిజుమాబ్ వంటి మందులు ఆరు నెలలకొకమారు ఎక్కించునవి యగుటచే సౌకర్యమైనవి. వీని అపాయము తొందరపడి రాదు. ఏండ్ల మీద పెరుగును. ఇవి తెల్లకణములలో నొక జాతిని తుడిచివేయును. ఆ జాతివలన పుట్టవలసిన రక్షక పదార్థములు, అనగా ఇమ్యునోగ్లోబులినులు, కొందరిలో యేటేట తగ్గుచుండును. అప్పుడు దగ్గు, న్యుమోనియా మాటిమాటికి వచ్చును. కావున వాని పరిమాణమును నెత్తురు పరీక్షవలన నియమముగా చూడవలెను. పూర్వము వచ్చి దాగియున్న హెపటైటిస్ బి కామెర్లు ఈ మందులవలన తిరిగి లేవగలవు. దాని పరీక్ష లేకుండ మొదటి మోతాదు ఎక్కింపరాదు. మన దేశమున క్షయ విస్తారముగా నుండుటచే దాగిన క్షయకును పరీక్ష చేయించుట మంచిది. టీకాల సంగతియు ముందే ముగించుకొనవలెను. తరువాత వేయించిన టీకా సగము ఫలమే యీయవచ్చును. ప్రాణముతో నున్న సూక్ష్మజీవుల టీకా లైనచో మందునకు నాలుగు వారముల ముందును, తక్కినవి రెండు వారముల ముందును వేయింతురు.

పోతన భాగవతము చదివిన సోదరీమణులు క్షీరసాగర మథనమును స్మరింతురుగాక. అమృతమునకు ముందు హాలాహలము పుట్టెను. శివుడు దానిని మ్రింగలేదు, ఉమియలేదు. కంఠమున నిలిపి యుంచెను. ఈ మందుల అపాయమును మనమును అట్లే నిలుపవలసియున్నది. పరీక్షలు తప్పక చేయించుకొనుచు, లెక్కలు వ్రాసికొనుచు ఉన్నంతకాలము అది కంఠముననే యుండును.

స్త్రీలకు ప్రత్యేకముగా సంబంధించిన విషయము గర్భము. టెరిఫ్లునోమైడ్ గర్భస్థ శిశువునకు హాని చేయును. మాత్ర మానిన తరువాతను అది రెండేండ్లవరకు నెత్తురులో నిలువగలదు. బిడ్డను కోరువారు కొలెస్టిరమీన్ అను పొడిని 11 దినములు రోజునకు మూడుమారులు సేవించి దానిని కడిగివేసికొనవలెను. తగ్గినదని నెత్తురు పరీక్షవలన తెలిసికొనవలెను. ఫింగోలిమోడ్ అయినచో గర్భమునకు రెండు నెలల ముందే మానవలెను. ఆ రెండు నెలలలో జబ్బు లేచు భయము పైన చెప్పితిమి. క్లాడ్రిబిన్ చివరి మోతాదు పిదప ఆరు నెలలు గర్భము కూడదు. గ్లాటిరమర్, ఇంటర్ఫెరానులు ఈ విషయమున నెమ్మదియైనవి. అవసరమైనచో గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఇంటర్ఫెరాను వాడవచ్చునని ఐరోపా ఔషధ శాఖ 2019లో అంగీకరించెను. ఐరోపాలో 12 దేశములకు చెందిన 254 మంది గర్భిణులను చూచి 1998లో ప్రకటించిన పరిశోధన వలన, కడపటి మూడు నెలలలో జబ్బు బాగుగా తగ్గుననియు, ప్రసవమైన పిదప మొదటి మూడు నెలలలో పెరుగుననియు తెలిసినది. కావున సీమంతపు ముచ్చటతోబాటు పురిటి తరువాత ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టవలెనను సంగతియు తల్లిగారింట ముందే తేల్చుకొనవలెను.

పాత మందు నిర్భయము, క్రొత్త మందు భయంకరము అను సూత్రముగూడ పూర్తిగా నిలువదు. డాక్లిజుమాబ్ అను మందు 2016లో వచ్చి, మెదడువాపు కారణముగా 2018 మార్చిలోనే తొలగింపబడినది. క్రొత్తదానియందు జాగ్రత్త తగునని దీనివలన తెలియును. కాని అందరిలోను సాధువని పేరొందిన గ్లాటిరమర్‌నకే 2025 జనవరిలో అమెరికా ఔషధ శాఖ కఠినమైన హెచ్చరిక చేర్చెను. 1996 నుండి ప్రపంచమంతటను 82 మందికి ప్రాణాపాయకరమైన ఎలర్జీ కలిగినట్లు వారికి తెలిసివచ్చెను. కొందరికి ఇది ఏండ్లు వాడిన తరువాతను వచ్చెను. లక్షలమంది వాడిన మందున ఇది అరుదే. అయినను సూది వేసికొన్న పిదప ఊపిరాడకున్నను, ఒళ్లంతయు దద్దురులు లేచినను క్షణము జాగు చేయక ఆస్పత్రికి పోవలెనని ఇంటిలో అందరికిని తెలిసియుండవలెను.

వయస్సు మళ్లిన పిదప మందు మానవచ్చునా యని కొందరడుగుదురు. 55 ఏండ్లు దాటి, ఐదేండ్లుగా జబ్బు తిరుగబెట్టని 259 మందితో అమెరికాలో జరిగిన పరీక్ష 2023లో వెలువడినది. మందు కొనసాగించినవారిలో నూటికి 4.7 మందికిని, మానినవారిలో నూటికి 12.2 మందికిని జబ్బు మరల కదలినది. ఆ కదలికలో ఎక్కువ భాగము చిత్రమున క్రొత్త మచ్చలే. మానుటకు వీలున్నవారు కలరు గాని, అదియు వైద్యుని యెదుట తూచిన పిమ్మటనే మానవలెను.

ఇక ఇంట మనము చేయదగిన పనులు. పిల్లల బడి పుస్తకములతోబాటు ఒక చేతిపుస్తకము కొని దానిని ఈ జబ్బునకే కేటాయింపుడు. ఏ మందు ఏ తేదీన మొదలైనది, ఏ తేదీన మానినది, ఎందుకు మానినది వ్రాయుడు. నెత్తురు పరీక్షల ఫలితములు, తెల్లకణముల సంఖ్య, కాలేయ పరీక్షలు, వేయించిన టీకాలు, ఎం.ఆర్.ఐ. తేదీలు వరుసగా నుంచుడు. వైద్యుని యూరు మారినను, ఆస్పత్రి మారినను ఈ పుస్తకము మారరాదు. మందు మార్చుదమని వైద్యుడు చెప్పినప్పుడు ఈ ప్రశ్నలను వ్రాసికొనిపోయి అడుగుడు. ఇప్పటి మందు ఓడినదని దేనివలన తెలిసినది? నా విషయమున క్రొత్తదాని అపాయము ఎంతమందిలో నొకరికి? పాతది శరీరమునుండి పోవుటకెన్ని దినములు? నడుమ నన్ను కాపాడునదేది? ఏ పరీక్ష ఎన్ని నెలలకొకమారు? బిడ్డను కోరినచో ఏమి చేయవలెను? ఈ మందు వెల మూడేండ్లు మాకు భరింపదగినదేనా? కడపటి ప్రశ్న అడుగుటకు సిగ్గుపడరాదు. డబ్బు చాలక నడుమ ఆగిన బలమైన మందుకంటె విడువక సాగిన సామాన్యమైన మందు మేలు కావచ్చును.

సూదిమందులు తెచ్చుకొనువారు నిలువ సంగతి మరువరాదు. గ్లాటిరమర్‌ను ఫ్రిజ్జులో 2 మొదలు 8 డిగ్రీల నడుమ ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. ఫ్రిజ్జు వెలుపల 30 డిగ్రీలు మించనిచోట ఒక నెలవరకు ఓర్చును. మా పలనాటి వేసవిలో ఇంటి గదియే 30 దాటును గనుక, కరెంటు పోయిన మధ్యాహ్నములకు మంచుగడ్డల డబ్బా యొకటి సిద్ధముగా నుంచి, మందు మంచునకు తగులకుండ గుడ్డ చుట్టి దానిలో పెట్టుట మంచిది. హైదరాబాదునుండి బస్సులో తెచ్చునప్పుడును ఇదే జాగ్రత్త.

భర్తగారికిని, అత్తగారికిని ఈ సంగతులు చదివి వినిపింపుడు. మందు తినునది ఒక్కరే యైనను, దానిని మార్చుటలోని కష్టము ఇంటిల్లిపాదిది. రోగికి భయము పుట్టినప్పుడు పక్కన కూర్చుండి పుస్తకము తెరచి, తేదీలు చూచి, "ఆగుము, ముందు పోటు పెట్టి పిదప స్తంభము తీయుదము" అని చెప్పగలవారు ఒక్కరుండినను, ఆమె నడక మరికొన్నేండ్లు నిలుచుటకు అది తోడ్పడును.